బస్సాట ఆయన చేసిన మిగతా ఆటలు

ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకు మా అత్తమ్మ గిద్దలూరు బస్సుతో ఒక గేదెను గుద్దింది. ఫోనులోని బస్సు, ఫోనులోని గేదె. కంభం దాటాక వచ్చే మలుపులో అది ఎప్పుడూ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటుంది. బస్సు ఆగిపోయింది. ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి డ్రైవరును తిట్టడం మొదలుపెట్టారు. అత్తమ్మ ఫోనును మంచం మీద పెట్టి, "గేదెది తప్పు. నాదేముంది?" అంది.

నేలమీద కూర్చుని ఉన్న ఆమె కొడుకు ఒళ్ళోని పలక మీద బలపంతో ఏదో గీసుకుని, "అయితే గేదెను తిట్టేదానికి ఒక మీట పెడతాలే మా," అన్నారు.

పెట్టారు కూడా. కీప్యాడు ఫోన్ల కాలంలో ఆ ఆట ఆడినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఐదో అంకె నొక్కితే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి గేదెను ఒక మాట అంటాడు. గేదె అతని వైపు ఒకసారి చూసి మళ్ళీ ముందుకు తిరుగుతుంది. దానివల్ల ఆటలో లాభమేమీ లేదు. అయినా మార్కాపురంలో పిల్లలు ఆ తిట్టు కోసం కావాలని గేదెను గుద్దేవాళ్ళు.

ఆ కొడుకు మా ఆయన. వీడియో గేములు తయారుచేయడం ఆయన వృత్తి. ఈ మాట చెబితే మా ఊళ్ళో చాలామంది, "అది సరే, ఉద్యోగమేంది?" అని అడిగేవారు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో చాలామంది ఆ బస్సు గురించే మాట్లాడారు. ఒకాయన పెళ్ళిచూపులకు పోతూ దారిపొడుగునా అదే ఆడానన్నాడు, పిల్ల ఎట్లుందని ఇంటికొచ్చాక అడిగితే బేస్తవారిపేట దాకా పోయానని చెప్పాడట. ఇంకొకాయన ఇప్పుడు నిజం బస్సు నడుపుతున్నాడు. గేదె ఎదురైతే ఇప్పటికీ బొటనవేలు కదులుతుందన్నాడు. వాళ్ళు నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. ఊళ్ళో మా ఆయన పేరే బస్సాట ఆయన. అందులో నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అది ఆయన తొలిరోజుల్లో చేసింది. తర్వాత చేసినవి అంతకంటే మంచివని నా నమ్మకం. ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరూ కనబడలేదు కాబట్టి నేను చెబుతున్నాను. హైస్కూల్లో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఆ రంగంవాళ్ళు వాడే మాటలు నాకు రావు. పక్కన కూర్చుని చూసింది మాత్రం చెప్పగలను.

మాది పలకల ఫ్యాక్టరీ ఉన్న ఇల్లు. పేరుకే ఫ్యాక్టరీ. ఇంటి వెనక రేకుల షెడ్డు, రాయి కోసే యంత్రం ఒకటి, పలకలకు చెక్క చట్రాలు బిగించే ఆడవాళ్ళు కొందరు. మామయ్య పోయాక అత్తమ్మే నడిపింది. ఇంట్లో పలకలకు కొదవ లేదు కాబట్టి ఆయన ఏ ఆటనైనా ముందు పలక మీదే తయారుచేసేవారు. గీతలు గీసి, చింతగింజలు పేర్చి, వాళ్ళమ్మను ఎదురుగా కూర్చోబెట్టేవారు. బాగా రాకపోతే తడిగుడ్డతో తుడిచేసి మళ్ళీ గీసేవారు. హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసిన రోజుల్లో ప్రతి శనివారం రాత్రి బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. నాకోసమే వస్తున్నారని పెళ్ళైన కొత్తలో అనుకున్నాను. ఆదివారం భోజనాలు కాగానే పలక పట్టుకుని వాళ్ళమ్మ మంచం దగ్గరికి పోయేసరికి సంగతి అర్థమైంది.

అత్తమ్మ మంచి ఆటగత్తె కాదు. ఓడిపోతే ఒప్పుకోదు, ఎదుటివాళ్ళు అటు చూస్తే ఇటు గింజలు జరుపుతుంది. ఆయనకు సరిగ్గా అలాంటి మనిషే కావాలి. పద్ధతిగా ఆడేవాళ్ళకు ఆటలో లోపాలు కనబడవనీ, తన తల్లి అయితే ఎక్కడ సందుంటే అక్కడ దూరుతుందనీ అనేవారు. నన్ను కూడా ఒకటి రెండుసార్లు కూర్చోబెట్టారు. నేను నియమాలు రెండోసారి చదివి వినిపించమన్నాను. ఆ తర్వాత పిలవలేదు.

బస్సు ఆటలో నాకు నచ్చింది గేదె కాదు, బయలుదేరడం. ఆట మొదలుకాగానే గడియారం తిరగాలని కంపెనీవాళ్ళు పట్టుబట్టారట. మా దిక్కు ప్రైవేటు బస్సు నిండేదాకా కదలదని ఈయన చెప్పి ఒప్పించారు. కాబట్టి ఆ ఆటలో కండక్టరు గిద్దలూరు, గిద్దలూరు అని అరుస్తూనే ఉంటాడు. ఒకరు ఎక్కితే ఇంకొకరు టీ తాగొస్తానని దిగుతారు. ఓపిక పట్టలేక బస్సును కదిలిస్తే, వెనక ఒక ఆడమనిషి చేతిసంచితో పరుగెత్తుకొస్తూ అద్దంలో కనిపిస్తుంది. ఆమెను వదిలేసి పోవచ్చు, ఏ శిక్షా లేదు. నేను చూసినంతలో అందరూ ఆపారు. చేతిలో ఇమిడే తెర మీద, నాలుగు చుక్కలంత మనిషి కోసం.

ఆ ఆట ఇంతగా పాకడానికి కారణం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఒకతను. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడేవాడు. ఈయన్ను అన్నా అనీ నన్ను వదినా అనీ పిలిచేవాడు. రిపేరుకు వచ్చిన ప్రతి ఫోనులోకీ ఆ ఆటను ఎక్కించి ఇచ్చేవాడు. అది చేసింది మా వీధి మనిషేనని చెబితే ఒక్కరూ నమ్మలేదట.

"చెన్నై కంపెనీది అంటుండారన్నా," అన్నాడు ఒకరోజు మా వరండాలో కూర్చుని. "నువ్వేమో లుంగీ కట్టుకుని మా అంగడి ముందర చాయ్ తాగుతా కనిపిస్తివి. ఇంగ ఎట్ల నమ్ముతారు? రేపటినుంచి కళ్ళజోడన్నా పెట్టుకో."

ఈయన మరుసటి ఆదివారం నా కళ్ళజోడు పెట్టుకుని వాళ్ళ దుకాణానికి పోయి, అడుగు కనబడక మెట్టు తట్టుకుని పడబోయారట. ఆ సంగతి నాకు చెప్పింది దుకాణమతనే.

బస్సు తర్వాత చేసింది «బిందెలు». నా దృష్టిలో ఆయన ఆటల్లో అందరికీ దక్కాల్సినది ఇదే. ఎండాకాలం మా వీధికి నీళ్ళ ట్యాంకరు వస్తుంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ముందుగానే బిందెలు వరుసలో పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోతారు. మనిషి బదులు బిందె నిలబడుతుంది. ఆటంతా అదే. మీ బిందె వరుస చివర ఉంటుంది. పక్కింటావిడ కూరగాయలకు పోయినప్పుడు, ఎదురింటావిడ ఫోను మాట్లాడేటప్పుడు, మీ బిందెను ఒక్కొక్క స్థానం ముందుకు జరుపుకోవాలి. దొరికిపోతే బిందె మళ్ళీ చివరికి పోతుంది, దాంతోపాటు ఒక దెప్పుడు మాట వినాలి. ఆ మాటలన్నీ అత్తమ్మవీ, ఆమెతో తగాదా పడిన మా వీధి వాళ్ళవీ. కొన్ని నావి కూడా అని విడుదలయ్యాక చూసుకున్నాను.

ఆ ఆటలో ఒక చమత్కారం ఉంది. ఎవరి బిందెనూ దాటకుండా, ఎవరో ఒకరి బిందె నింపడానికి సాయం పడుతూ పోతే, వాళ్ళే మిమ్మల్ని ముందుకు పిలుస్తారు. ఇది ఎక్కడా రాసి ఉండదు. ఆడి ఆడి ఎప్పుడో ఒకరోజు తెలుస్తుంది. నాకు వెంటనే తెలిసింది, ఎందుకంటే నాకు దొంగతనంగా జరపడం చేతకాదు. అత్తమ్మకు చివరిదాకా తెలియలేదు. చెప్పినా నమ్మలేదు. "అట్ల పిలిచేవాళ్ళు మన వీధిలో ఎవరుండారు?" అంది.

«వాన» మాత్రం ఆయన ఉద్యోగం మానడానికి కారణమైంది. అత్తమ్మ పుట్టిల్లు వెలిగండ్ల పక్క ఒక పల్లె. అక్కడి మెట్టచేలల్లో కంది వేసి ఆకాశం చూస్తూ కూర్చోవడం ఆయన చిన్నప్పటి సెలవుల్లో చూశారు. ఆటలో కంది విత్తుతారు, ఆ తర్వాత ఎదురుచూస్తారు. మబ్బు వస్తుంది, చేను మీద నీడ పడుతుంది, దర్శి వైపు పోతుంది. ఎప్పుడూ దర్శికే. ఎదురుచూస్తూ గట్టు సరిచేసుకోవచ్చు, పక్కచేను ముసలాయనతో మాట్లాడవచ్చు, ఎద్దును కడగవచ్చు. వాన పడినరోజు ఫోను కొద్దిగా అదురుతుంది, అంతే. నేను మూడు రోజులు ఎదురుచూసి ఆ అదురు తెలిసినప్పుడు స్టాఫ్‌రూములో నవ్వేశాను. పక్కనున్న లెక్కల టీచరు ఏమైందని అడిగింది. వాన పడిందన్నాను. ఆమె కిటికీలోంచి ఎండ చూసి ఇంకేమీ అడగలేదు.

కంపెనీవాళ్ళు ఆట బాగుందన్నారు. వాన కొనుక్కునే మీట ఒకటి పెట్టమన్నారు. ఈయన పెట్టలేదు. ఇంటికొచ్చి సంచి దింపి, ఉద్యోగం మానేశానని చెప్పారు. అత్తమ్మ ఎందుకని అడిగింది. వాన కొనుక్కునే వీలు పెట్టమన్నారని ఈయన చెప్పారు. దానికామె, "కొనేదానికి దొరికితే మా నాయన ఎప్పుడో కొని ఉండేవాడు," అంది. ఆ ఇంట్లో ఆ రాజీనామా మీద జరిగిన చర్చ అంతే. నా జీతం ఉంది, షెడ్డు నడుస్తూ ఉంది. ఆయన ముందుగదిలో బల్ల వేసుకుని అక్కడినుంచే పని మొదలుపెట్టారు. «వాన»ను తానే విడుదల చేసుకున్నారు. ఆడినవాళ్ళు తక్కువ. ఆడినవాళ్ళలో ఎక్కువమంది ఏమీ జరగడం లేదని రాశారు.

ఈలోగా అత్తమ్మ చూపు తగ్గుతూ వచ్చింది. మొదట తెర మీది చిన్న అక్షరాలు పోయాయి. తర్వాత పక్కనుంచి వచ్చేవి కనబడటం మానేశాయి, గేదెను గుద్దడం ఎక్కువైంది. తన ఆట చెడిందని ఒప్పుకోదు కాబట్టి మేమూ ఆలస్యంగా గుర్తించాం. ఒంగోలులో కంటి డాక్టరు నీటికాసులని చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా ఎంతకాలమో చెప్పలేమనీ అన్నాడు. షెడ్డు సంగతీ వంట సంగతీ ఆమెకు బెంగ లేదు, అవి చేతులకు తెలిసిన పనులు. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని ఫోనును కొడుకు చేతికిచ్చింది.

"ఇంగ నన్ను ఆటలోనుంచి తీసెయ్ నాయనా," అంది.

"నిన్ను తీసేస్తే నేనెవరికి చెయ్యాల మా?"

"నీ పెళ్ళానికి చెయ్యి."

"ఆమె దొంగాట ఆడదు."

అత్తమ్మ నవ్వింది గాని ఫోను వెనక్కి తీసుకోలేదు. ఆ రోజునుంచి ఆయనకు వేరే పని లేదు. కళ్ళు లేకుండా వాళ్ళమ్మ ఆడగలిగే ఆట ఒకటి చేయాలి. చేయలేకపోతే ఆదివారం మధ్యాహ్నాలు ఆమె గోడకు తిరిగి పడుకుంటుంది. అప్పటికే పడుకుంటూ ఉంది.

మొదట బస్సుకే మాటలు పెట్టి చూశారు. ఎడమకు, కుడికి, గేదె, అని ఫోను చెబుతుంది. అత్తమ్మ రెండు నిమిషాల్లో విసుక్కుంది. ఎవరో చెబుతుంటే నడిపేది బస్సెట్ల అవుతుందని అడిగింది. ఆమె మాట నిజమే. అది ఆట కాదు, పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పినట్టు చేయడం. ఇలాంటివి ఇంకో మూడు పలక మీదికి వచ్చి తడిగుడ్డకు పోయాయి.

దారి దొరికింది షెడ్డులో. చూపు తగ్గాక కూడా అత్తమ్మ రోజూ పొద్దున అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చునేది. చట్రం బిగించే ముందు పలకను మోగించి చూస్తారు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల సన్నని బీట ఉంటే, కంటికి కనబడకపోయినా, చప్పుడు చచ్చిపోతుంది. ఆ రోజు ఆమె ఒక్కో పలకను మోగిస్తూ, పక్కన చట్రాలు బిగించే ఆవిడతో పందెం కాస్తూ ఉంది. కుడి చేతివైపు మంచివి, ఎడమవైపు పగిలినవి. రెండు చోట్ల ఆమె చెప్పింది తప్పయింది. తప్పైన ప్రతిసారీ, షెడ్డులో యంత్రం మోత ఎక్కువుందని దాని మీదికి నెట్టింది. ఈయన గుమ్మంలో నిలబడి చూశారు. లోపలికి వచ్చి నాతో, "ఆట అక్కడ నడుస్తా ఉంది, నేనిక్కడ వెతుకుతుండా," అన్నారు.

ఒక వారమంతా పలకల చప్పుళ్ళు రికార్డు చేశారు. ముందుగది కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, కోడి కూసినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి. ఆట చాలా సాదాగా ఉంటుంది. చప్పుడు వినాలి. మంచిదైతే తెర కుడిసగం మీద ఎక్కడైనా తట్టాలి, పగిలిందైతే ఎడమసగం. చూడాల్సింది ఏమీ లేదు. ఆదివారం భోజనాలయ్యాక అత్తమ్మ చేతిలో ఫోను పెట్టారు. దుకాణమతను కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

అత్తమ్మ విన్నది. ఎడమవైపు తట్టింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ ఎడమ. ఆటలోని పలకల కట్ట అయిపోయేదాకా కుడిచెయ్యి కదలలేదు.

"ఏంది నాయనా ఇది," అంది, "ఒక్క మంచి పలకా లేదా? అన్నీ చచ్చిన రాళ్ళే."

ఈయన మంచివీ పగిలినవీ సగం సగం పెట్టానన్నారు. ఆమె నమ్మలేదు. ఎట్ల పట్టుకుని మోగించావని అడిగింది. ఈయన ఒక పలక తెచ్చి, చప్పుడు బాగా పట్టుకోవాలని మైకు ముందర ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వేలితో కొట్టి చూపించారు. లుంగీ మీద పడుకున్న పలక టప్పుమంది. పలకను మూల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని గాలిలో వేలాడదీసి మోగించాలని మా షెడ్డులో పనికి వచ్చిన మొదటిరోజే చెబుతారు. ఈయన పుట్టినప్పటినుంచీ పలకల మధ్యే ఉన్నారు. ఎప్పుడూ వాటిని ఒళ్ళో పెట్టుకుని ఆటలు గీయడమే తప్ప ఒక్కదాన్నీ మోగించి చూడలేదు.

"పలకల ఇంట్లో పుట్టినావు," అంది అత్తమ్మ, "పలకను ఒళ్ళో పెట్టుకుని జోకొడుతుండావు. నీ పెళ్ళానికి చెప్పు, ఉయ్యాల కూడా కడుతుంది."

దుకాణమతను గుమ్మానికి తల ఆనించి నవ్వాడు. ఆ తర్వాత నెలరోజులు ఈయన దుకాణానికి పోయినప్పుడల్లా, "అన్నా, పలక నిద్రపోయిందా?" అని అడిగేవాడు.

అత్తమ్మ అంతటితో ఊరుకోలేదు. మళ్ళీ రికార్డు చేసేటప్పుడు తానే కూర్చుని పలకలు పట్టుకుంది. ఆమె పట్టుకుంటే ఈయన మోగించారు. నేను కోడిని కాపలా కాశాను. పనిలో పనిగా ఆమె నోరు ఊరుకోదు కాబట్టి, తప్పుగా తట్టినవాళ్ళను ఏమనాలో ఆమె చేతే అనిపించి అదీ రికార్డు చేశారు. అలా ఆ ఆటలో మాట్లాడే గొంతు అత్తమ్మదైంది. పగిలినదాన్ని మంచిదంటే, "దీన్ని బడికి పంపితే దావలోనే రెండు ముక్కలైతాది" అంటుంది. మంచిదాన్ని పగిలిందంటే, "బంగారమట్టాంటి రాయిని పారేసినావు, నీకు చెవులుండేది దుద్దులకేనా?" అంటుంది. వరుసగా తప్పులు చేస్తే మాట్లాడకుండా నిట్టూరుస్తుంది. అన్నిటికంటే అదే కష్టం.

మరుసటి ఆదివారం ఆమె ఆడింది. కుడి, ఎడమ, కుడి, కుడి. నాలుగైదు సరిగ్గా చెప్పి తర్వాత ఒకటి తప్పింది. ఫోనులోంచి ఆమె గొంతే ఆమెను తిట్టింది. అత్తమ్మ ఫోనును దూరంగా పట్టుకుని, "దీనికెంత పొగరు!" అంది. ఎవరిదా గొంతు అని అడిగితే నీదేనన్నాం. తన గొంతు అంత కర్కశంగా ఉండదంది. ఆ రోజు చీకటిపడేదాకా ఆ గొంతుతో తగవు పడుతూనే ఆడింది. ఈయన పక్కన నేలమీద కూర్చుని, గీసుకోవడానికి ఏమీ లేకపోయినా పలక ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉన్నారు. నేను టీ ఇస్తే తీసుకుని తాగడం మరచిపోయారు. ఆయన పని ఫలించిన రోజు ఏదని ఎవరైనా నన్ను అడిగితే ఆ ఆదివారమని చెబుతాను.

రెండు వారాలకు కొత్త చిక్కు వచ్చింది. అత్తమ్మ ఆ చప్పుళ్ళన్నీ కంఠతా పట్టేసింది. చప్పుడు సగం వినకముందే తట్టేది. గెలుపు సులువైతే ఆమెకు విసుగు. కొత్త చప్పుళ్ళు కావాలి, అంటే కొత్త పలకలు కావాలి. మంచివి మా షెడ్డులోనే ఉన్నాయి. పగిలినవే దొరకడం కష్టం, ఎందుకంటే ఒక్కో పగులుకు ఒక్కో చప్పుడు. ఈయన సైకిలేసుకుని ఊళ్ళో పలకల షెడ్లన్నీ తిరగడం మొదలుపెట్టారు. మంచి పలకలు అడిగేవాళ్ళను చూసినవాళ్ళే గాని పగిలినవి అడిగేవాళ్ళను ఎవరూ చూడలేదు. మొదట నవ్వారు. తర్వాత వాళ్ళూ ఆటలో పడ్డారు. "ఇది విను సార్, మీ అమ్మ దీన్ని కనుక్కుంటే నా చెవి కోసిస్తా" అని వింత వింత పగుళ్ళవి ఏరి, ఆయన కోసం ఒక మూల గోనె మీద పేర్చిపెట్టేవారు. ఆయన వాటిని తెచ్చి రికార్డు చేసి ఆదివారం పొద్దున కొత్త కట్ట ఎక్కించేవారు. అత్తమ్మ వాటిని కనుక్కునేది. కొన్నిటిని కనుక్కోలేకపోయి, ఆ షెడ్డువాళ్ళు రాయి మార్చారనేది. ఎవరూ చెవి కోసివ్వలేదు.

ఆ ఆటకు «పలక» అని పేరుపెట్టి అందరికీ అందేలా ఉంచారు. బయట అది నడవలేదు. రెండు చప్పుళ్ళూ ఒకటేలా ఉన్నాయని కొందరు, తెర మీద ఏమీ రావడం లేదని కొందరు, ముసలావిడ అకారణంగా తిడుతోందని కొందరు రాశారు. ఈయన ఆ మాటలు చదివి వినిపిస్తే అత్తమ్మ, "చెవులు కడుక్కుని రమ్మను," అంది. సులువు చేద్దామా అని నేనడిగాను. ఈయన తల అడ్డంగా ఊపి, అది అమ్మ ఆట అన్నారు.

ఆయన ఆటలన్నీ వరుసగా తలచుకుంటే నాకొకటి తోస్తుంది. వాటిలో చావు లేదు, గెలిచినవాళ్ళకు బహుమతి కూడా పెద్దగా లేదు. ఓడినవాళ్ళకు మాత్రం ఒక మంచి మాట దొరుకుతుంది. గేదెను తిట్టే డ్రైవరు, దెప్పే పక్కింటావిడ, వచ్చే ఏడు చూద్దాంలే అనే పక్కచేను ముసలాయన, నిట్టూర్చే అత్తమ్మ. మిగతా ఆటల్లో ఓడితే మళ్ళీ మొదలుపెట్టమంటుంది యంత్రం. ఈయన ఆటల్లో ఓడితే ఎవరో ఒకరు మనతో మాట్లాడతారు. అది గొప్ప విషయమో కాదో ఆ రంగంవాళ్ళు చెప్పాలి. నాకైతే గొప్పదే.

ఒకరోజు పామూరునుంచి ఒకాయన ఫోను చేశాడు. అక్కడ కొబ్బరికాయల దుకాణం నడుపుతున్నానన్నాడు. పుట్టుకతో చూపు లేదు. కాయను తట్టి చూసి మంచిదో కాదో చెప్పడం అలవాటు కాబట్టి «పలక» తనకు బాగా కుదిరిందన్నాడు. ఈ ఆదివారం కట్ట ఇంకా రాలేదేమని అడగడానికి చేశాడు. ఈయన ఆ సంగతి చెబితే అత్తమ్మ మురిసిపోయింది. అతనికెన్ని వచ్చాయో అడగమంది. అతను తనకంటే ఎక్కువ కనుక్కున్నాడని తెలిశాక, కొబ్బరికాయలవాడికి పలకల సంగతేం తెలుసని అంది. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ ఒకరినొకరు చూడని, అతనికైతే తెలియనే తెలియని పోటీ నడిచింది.

అత్తమ్మ మరో మూడేళ్ళు ఆడింది. చివరి ఏడాది అసలేమీ కనబడేది కాదు. ఆటలో అది తేడా చేయలేదు. ఒక శుక్రవారం నిద్రలోనే పోయింది. ఆ ఆదివారం ఈయన కొత్త కట్ట చేయలేదు. తర్వాతి ఆదివారం చేశారు. ఎవరికోసమని నేనడగలేదు. పామూరాయన అడుగుతాడు కదా అని ఆయనే అన్నారు. ఆ తర్వాత ఆయన ఉన్నంతకాలం ఒక్క ఆదివారమూ తప్పలేదు. ఆస్పత్రికి పోయే ముందు వారం కూడా, ఆయాసపడుతూ, పలక మూల రెండు వేళ్ళతో పట్టుకుని మోగించారు. అప్పుడు కోడిని కాసింది నేనే.

ఆయన పోయిన నెలలో పామూరునుంచి మళ్ళీ ఫోను వచ్చింది.

"సారు లేడా అక్కా? రెండు ఆదివారాలాయె, కట్ట రాలా."

సంగతి చెప్పాను. వెనక ఎవరో కాయ ధర అడుగుతున్నారు.

"అంతా ఆయనొక్కడేనా చేసింది? నేను పెద్ద ఆఫీసనుకుంటిని. మరి తిట్టే అవ్వ?"

"మా అత్తమ్మ. ఆమె ముందే పోయింది."

"అట్లనా," అన్నాడు. "ఆమె నన్ను తిట్టని రోజు లేదక్కా. పాత కట్టలన్నీ నోటికొచ్చేసినయ్. అయినా ఆడతాలే. తెలిసి తెలిసి తప్పు కొడతా."

ఎందుకని అడిగాను.

"మరి తిట్టాలంటే తప్పు కొట్టాల గదా," అన్నాడు.

ఫోను పెట్టేశాక నేను చాలాసేపు నవ్వుకున్నాను. మా ఆయన ఉంటే ఆ మాటను పలక మీద రాసిపెట్టుకుని ఉండేవారు. అమ్మ ఆట అని ఆయన అనుకున్నది పామూరులో ఒక కొబ్బరికాయల దుకాణంలో నడుస్తూనే ఉంది. బస్సాట గురించి ఆ మనిషికి ఏమీ తెలియదు.

ఆ వారమే ఊళ్ళోని షెడ్లకు పోయి ఆయన సంగతి తెలియనివాళ్ళకు తెలియజేశాను. ఒక చోట గోనె మీద ఆయన కోసం పేర్చినవి అప్పటికి చాలా పోగయ్యాయి. అక్కడి ఆవిడ ఒకటి తీసి, ఇది మాత్రం మీ అత్త కూడా కనుక్కునేది కాదమ్మా అని మోగించి వినిపించింది. నాకు తేడా తెలియలేదు. అదే చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఇంక దాచాల్సిన పని లేదని చెప్పి వచ్చేశాను. ఇప్పుడు మార్కాపురంలో పగిలిన పలకలను ఎవరూ విడిగా తీసిపెట్టడం లేదు.